కంపెనీకో మర

వాల్సాల్‌లో ఆదివారం పొద్దున
కార్ల డిక్కీలు తెరిచి అమ్మే సంతలో
ఆరు పౌండ్లకి కొన్నాను దీన్ని.
చెంబంత ఇత్తడి పొట్ట, కొయ్య పిడి, ముక్కు నిండా మసి.
అమ్మినామెకి అదేమిటో తెలీదు.
"పూలు పెట్టుకోవచ్చు" అంది.

బ్లోల్యాంపు.
తలుపుల మీది పాత రంగు ఊడదీసేవాళ్ళు,
సీసం గొట్టాలు అతికేవాళ్ళు
చేత పట్టుకు తిరిగిన మంట.
అడుగున ఎవరో మేకుతో పొడిచిన రెండక్షరాలు:
ఎచ్. డబ్ల్యూ.

నేను పళ్ళ ల్యాబులో పనిచేస్తాను.
ఎన్నడూ చూడని నోళ్ళకి దంతాలు చెక్కుతాను.
సందుల్లో మురికి తీయడం నాకు కొత్త కాదు.
మూడు రాత్రులు చింతపండుతో తోమాక
నా మొహం దాని పొట్ట మీద
వంకరగా, పచ్చగా తేలింది.

తోమడం తేలికే.
పంపు కొడితే గాలి వెనక్కొచ్చేస్తోంది.
లోపలి తోలు వాషరు
మిరప తొడిమలా ఎండిపోయింది.
వాల్సాల్ గుర్రపు జీన్లు కుట్టిన ఊరు కదా,
కాలవ పక్కన వర్క్‌షాపులో అడిగితే
గుప్పెడు తోలుముక్కలు ఊరికే ఇచ్చారు.
పెన్నీ నాణెం పెట్టి గీసి, కత్తిరించి,
మందుల షాపు ఆముదంలో రాత్రంతా నానేసి,
సీసా మూత మీద గిన్నెలా వంచాను.
పొద్దున్నే పంపు కొడితే
గాలి నా చేతికి ఎదురుతిరిగింది.
ఒకటి ఎదురుతిరిగితే అంత బాగుంటుందని
అనుకోలేదు.

ఇక నిపుల్. మంట పుట్టే సూదిబెజ్జం.
అదే లేదు.
పుర్రెకో బుద్ధి, కంపెనీకో మర.
మూతబడ్డ ఫ్యాక్టరీలు పోతూ పోతూ
ఎవరి మర వాళ్ళు పట్టుకుపోయారు,
తాళంచెవుల్లాగా.

బ్లాక్స్‌విచ్‌లో మెర్విన్ టుల్లీని అడగమన్నారు.
ఎనభై మూడేళ్ళు. షెడ్డు నిండా పొగాకు డబ్బాలు,
ఒక్కోదాని మూత మీద సుద్దతో అంకె.
కళ్ళు ఆనవు. బొటనవేలి గోటితో
మర చుట్లు లెక్కపెట్టేస్తాడు.
నా దీపం నోట్లో గోరు తిప్పి
అచ్చం డెంటిస్టులా "ఊఁ" అన్నాడు.
అడుగు అక్షరాలు తడిమి,
"ఎవరైనా కావచ్చు. ఊళ్ళో సగం మంది" అన్నాడు.
"నిపుల్ ఉంది. ఒక్కటే. అమ్మను."

మేకుకి వేలాడుతున్న తన దీపాన్ని చూపించాడు.
దాంట్లోది పోతే ఇదే దిక్కట.
"అది వెలిగించి ఎన్నాళ్ళయింది?"
"డెబ్బై ఆరు, ఎండాకాలం."
ఏమాత్రం సిగ్గుపడలేదు.

కోపమొచ్చింది. ఇచ్చిన టీ తాగి బస్సెక్కాను.
బస్సులో గుర్తొచ్చింది,
ల్యాబులో నా సొరుగులో
ఎవరూ వచ్చి తీసుకెళ్ళని పళ్ళసెట్లు పదకొండున్నాయి,
పేరు చీటీలతో సహా.
అడిగితే నేను మాత్రం ఇస్తానా?

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాను,
కొనడానికి కాదు,
అచ్చు తీసే గులాబీరంగు ముద్ద పట్టుకుని.
"దానికి పంటినొప్పా?" అని నవ్వాడు.
నిపుల్ ఇచ్చాడు, కానీ
నేను ముద్దలో నొక్కి తీసేదాకా
నా మణికట్టు వదల్లేదు.

ల్యాబులో అందరూ వెళ్ళాక ఇత్తడి పోశాను.
నాలుగు పాడయ్యాయి.
ఒకటి పగిలింది, ఒకటి ఇరుక్కుంది,
రెండింటి సంగతి చెప్పను.
ఐదోది ఎక్కింది.

అతని షెడ్డు ముందే వెలిగించాం.
చిన్న గిన్నెలో స్పిరిట్టు, నీలంగా, తొందర లేకుండా.
మెడ వేడెక్కాక పంపు.
ముందు పసుపు, పొగ, దగ్గు;
తర్వాత ఒక్కసారిగా
గుడ్డ చింపినట్టు ఆ చప్పుడు.
కాల్చడానికి మా దగ్గర ఏమీ లేదు.
ఊరికే, గోడకేసి, పట్టుకు నిలబడ్డాను.

మెర్విన్ కళ్ళు మూసుకుని విన్నాడు.
"బెజ్జం వెంట్రుకంత పెద్దది" అన్నాడు.
కాసేపాగి, "ఇంకోటి పొయ్యి. నాకు."

లోపలికెళ్ళి డబ్బా మీద ఒకటిని చేత్తో చెరిపాడు.
రెండు వేశాడు, నేనింకా పోయకముందే.
సగం మూత మీద,
సగం బల్ల మీద.